భయం తగ్గిన పూట

కోటు అంచు లోపలి నుంచి ఒక పోగు లాగి, సూదికి ఎక్కించి, మోచేతి దగ్గరి చిల్లు మీద కిందుగా ఒకటి, మీదుగా ఒకటి నేస్తోంది ఆమె. వంగి వంగి భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. చూపుడువేలి కొస సూదిపోట్లకు గరుకు తేలింది. లాండ్రీకి వచ్చేవాళ్లు ఆమెను చిల్లులక్క అంటారు. ఏ బట్ట చూసినా ముందు చిల్లే కనబడే కళ్లు. మనుషుల విషయంలోనూ అంతే. చెల్లెలు రావడం ఆలస్యమైతే లారీ కింద పడిందనుకునేది. దగ్గితే ఆసుపత్రికి లాక్కుపోయేది. ప్రతిసారీ కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. డాక్టర్లు నవ్వేవారు, చెల్లెలు సిగ్గుతో చచ్చిపోయేది.

చివరికి చెల్లెలే పోరుపెట్టి మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపింది. “భయం చెప్పిందల్లా నిజం కాదమ్మా. రుజువేంటని అడగండి. వేరే కారణం ఉందేమో చూడండి” అంది ఆవిడ. ఆ మాటలు పాఠంలా అప్పజెప్పుకుంటూ ఈమధ్యే ఆమె కాస్త కంటినిండా నిద్రపోతోంది.

పక్క బల్ల మీద ఇస్త్రీ చేస్తున్న చెల్లెలు ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుంది. నుదుటినిండా చెమట.

“ఏమైందే?”

“బండ పెట్టినట్టుంది. దవడ కూడా లాగుతోంది. మొదలుపెట్టకక్కా నీ పురాణం!”

“నేనేమన్నానే?”

“నోటితో అనలేదులే. నీ మొహం అప్పుడే నన్ను కాటికి పంపేసింది.”

ఇద్దరూ నవ్వారు. ఆమెకు మాత్రం దడ మొదలైంది. రుజువేంటి? చెమటంటే, ఇస్త్రీ వేడికి. బరువంటే, పొద్దున ఏమీ తినలేదు, గ్యాస్ అయ్యుంటుంది. దవడకు కారణం దొరకలేదు. దాన్ని పక్కన పెట్టేసింది. నిదానంగా ఊపిరి పీల్చి వదిలింది. దడ తగ్గింది. ఎంత తేలికగా తగ్గిందో!

“చూశావా, ఆసుపత్రికంటూ లేవలేదు” అంది.

“మా బంగారు అక్కవి” అంటూ చెల్లెలు గోడకు జారగిలబడి కూర్చుంది.

చిల్లు పూడ్చి, పోగు కొరికి తలెత్తేసరికి చెల్లెలు అలాగే కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు.

కొన్నాళ్లకు డాక్టరమ్మే లాండ్రీకి వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. “ప్రతి భయమూ అబద్ధమని నేననలేదమ్మా. రెండువైపులా చూడమన్నాను. అయినా మీవల్లే పోయిందనుకోకండి. అది కూడా భయం లాంటి ఆలోచనే...”

“దీనికి మాత్రం రుజువుంది డాక్టరమ్మా” అంది ఆమె.

పక్క బల్ల మీద ఎవరిదో తెల్లచొక్కా, ఒక చెయ్యి నున్నగా, రెండో చెయ్యి నలిగి, ఆనాడు పరిచింది పరిచినట్టే ఉంది.