కింది నుంచి చూసే ఓడ

ఫెర్రీ మీద ఇంజను మోత ఒకటి, గాలి మోత ఒకటి, వీటికి తోడు నా నోటి మోత. ఈ మూడు మోతల మధ్య కిర్‌స్టీన్ కారు అద్దం దించి ఏదో చెప్పింది. నా ఉద్యోగం కార్లను ఫెర్రీ ఎక్కించి వరసగా నిలబెట్టడం. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు. ఆ సంగతి నాకు తెలీదు గానీ, బళ్ళు ఓడెక్కడం మాత్రం రోజూ నా చేతుల మీదుగానే జరుగుతుంది.

"ఏమన్నావ్?" అని అరిచాను.

"మీ బావని అడిగి చూసుకోమను. ఆదివారం లోపల."

నాకు వినబడింది అదీ. ఎవరిని అడగాలో, ఏం అడగాలో తెలుసుకునే లోపే అద్దం పైకి వెళ్ళిపోయింది. వెనకాల లారీవాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం లేదు.

కిర్‌స్టీన్ మా చర్చి సంఘానికి పెద్ద. వయసులోనూ పెద్దే, నోరు అంతకంటే పెద్ద. మా దీవిలో రాజుగారిని తప్ప ఎవరినీ "మీరు" అనం కాబట్టి ఆవిడనీ "నువ్వు" అనే అంటాం. కాకపోతే కొంచెం వంగి అంటాం.

సాయంత్రం పని దిగగానే మా అక్క గూడ్రున్ ఇంటికి వెళ్ళాను. బావ పెరటి షెడ్లో ఉన్నాడు. ఐవిన్ కూర్చోలేని మనిషి. ఓడ చేసేటప్పుడు మాత్రం కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఇప్పుడు ఓడ అయిపోయింది, అందుకని మళ్ళీ నిలబడిపోయాడు. షెడ్డు ఈ గోడ నుంచి ఆ గోడకీ, ఆ గోడ నుంచి ఈ గోడకీ తిరుగుతున్నాడు. మధ్యలో బల్ల మీద, రెండు కొయ్య కాళ్ళ పీటకి బిగించి, సీగ్‌రిడ్ నిలబడి ఉంది.

సీగ్‌రిడ్ అంటే మా దీవిలోనే కట్టిన మూడు స్తంభాల తెరచాప ఓడ. ఉప్పుచేప కోసం అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళి ఒక శీతాకాలం తిరిగి రాలేదు. కిర్‌స్టీన్ తాతయ్య దానికి కెప్టెన్. మా ముత్తాత దాంట్లో వంటవాడు. మునిగేటప్పుడు ఇద్దరూ ఒకే అంతస్తు అయ్యారు గానీ, ఒడ్డున మిగిలిన కుటుంబాలు ఆ తేడాని ఇప్పటికీ జాగ్రత్తగా దాచుకుంటున్నాయి.

ఆ ఓడని యాభయ్యో వంతుకి తగ్గించి కొయ్యతో చేశాడు మా బావ. పలక పలకా వంచి, తాడు తాడూ పేని. సముద్రంలో పోయినవాళ్ళ గుర్తుగా చర్చి కప్పు నుంచి ఇలాంటి ఓడని వేలాడదీయడం మా ఆచారం. ఆదివారం దీన్ని మా చర్చిలో అలా వేలాడదీయాలి. పాత ఓడని పురుగు తినేసింది, కొక్కెం ఖాళీగా ఉంది. మా చర్చిలో ఇంతవరకు దీవిలో పుట్టినవాళ్ళు చేసిన ఓడలే వేలాడాయి. ఐవిన్ పుట్టింది అవతలి గడ్డ మీద, సముద్రం కనబడని ఊళ్ళో. చేసే పని ట్రాక్టర్ల మరమ్మతు. ఫెర్రీ ఎక్కితే మొహం పచ్చబడుతుంది. మా అక్కని చేసుకుని ఇక్కడే జుట్టు నెరిసింది, అయినా మా వాళ్ళ నోట్లో "బండివాడు" గానే ఉండిపోయాడు. ఆ పేరు పెట్టింది కిర్‌స్టీనే. ఆ కొక్కేనికి తన ఓడ వేలాడితే ఆ పేరు రాలిపోతుందని బావ ఆశ. బయటికి అనడు. అనకుండా తిరుగుతాడు.

కబురు చెప్పాను. ఆగిపోయాడు.

"ఏం అడగమంది?"

"అది చెప్పలేదు."

"ఎవర్ని?"

"అదీ చెప్పలేదు."

"మరి నువ్వు విన్నదేమిట్రా?"

"మిగతాదంతా."

అక్క గుమ్మంలో నిలబడి రొట్టె మీద హెర్రింగ్ చేప ముక్క సర్దుతోంది. "ఆ కిర్‌స్టీన్‌నే అడగరాదూ? రెండు వీధుల అవతల ఉంది" అంది.

"ఆవిణ్ణి అడగను" అన్నాడు బావ. "అడిగితే 'బండివాడికి ఇది కూడా తెలీదా' అంటుంది."

అలా మొదలైంది. కిర్‌స్టీన్‌ని తప్ప దీవిలో అందరినీ అడిగాడు. పాస్టర్‌ని అడిగితే "నాకు ఓడల గురించేం తెలుసు ఐవిన్, తేలితే చాలు" అంది. అది గాల్లో తేలాల్సిన ఓడ అని ఆవిడకి ఎవరూ గుర్తుచేయలేదు. రొట్టెల దుకాణం వాడు పేరు తెల్లక్షరాల్లో ఉండాలన్నాడు. వాడి భార్య పసుపన్నది. వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు. జెండా ముందుండాలని ఒకరు, వెనకుండాలని ఒకరు. అవతలి ఒడ్డున స్వెన్‌బోర్‌లో మా బావ సభ్యుడిగా ఉన్న నమూనా ఓడల క్లబ్బు పెద్దకి ఫోన్ చేస్తే, "కొలత తప్పకూడదు. కొలత తప్పితే అది ఓడ కాదు, బొమ్మ" అన్నాడు. బావ ఆ ఒక్క మాటనీ పట్టుకుని మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు. కొలిచిన కొద్దీ కలత పెరిగింది. డెక్కు మీది తాళ్ళ చుట్టలు విప్పి మళ్ళీ చుట్టాడు. ఓడ వంటగది కప్పు మీద బఠాణీ గింజంత పిల్లి ఒకటుంది. మా ముత్తాత పిల్లి అట, అక్క చెప్పిన కథ. దాని మీసం సరిచేశాడు.

"పిల్లికి మీసం కుదిరింది గానీ నీకు నిద్ర కుదరడం లేదు" అంది అక్క.

"ఇంకెవర్నైనా అడగాలేమో గూడ్రున్."

"ఇంక పిల్లి ఒక్కటే మిగిలింది. అడుగు."

శుక్రవారం మధ్యాహ్నం ఓడని చర్చికి మోసుకెళ్ళి ఎత్తి చూశాం. అటక మీద నుంచి తాడు దిగింది. పీట విప్పి, నాలుగు చోట్ల దారాలు కట్టి, మెల్లగా లాగారు. మా ఆచారం ప్రకారం ముక్కు బలిపీఠం వైపుకి తిప్పారు. సీగ్‌రిడ్ పైకి వెళ్తోంది. డెక్కు వెళ్ళిపోయింది, తాళ్ళ చుట్టలు వెళ్ళిపోయాయి, పిల్లి వెళ్ళిపోయింది. అన్నీ పైకి వెళ్ళిపోయాక మాకు మిగిలింది అడుగు.

బావ తల పైకెత్తి నిలబడ్డాడు. ఆ నిలబడడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక చోట నిలవని మనిషి కదలకుండా నిలబడ్డాడు.

అడుగు మీద రంగు ఒక పూత పడింది, అదీ మచ్చలు మచ్చలుగా. జిగురు కారిన చారలు. పీట బిగించిన స్క్రూల కన్నాలు రెండు, ముక్కు రంధ్రాల్లా. పలకలు అతికే రోజుల్లో ఓడ బోర్లా ఉండేది కదా, దాని మీద కాఫీ కప్పు పెట్టేవాడు. ఆ కప్పు గుండ్రటి ముద్ర సరిగ్గా నడిమధ్యన. ఇంక పైన తాళ్ళు. యాభయ్యో వంతు తాళ్ళు అంత ఎత్తున అసలు కనబడడమే లేదు. మూడు బోసి స్తంభాలు. మా సీగ్‌రిడ్ తాడూ బొంగరం లేని ఓడలా వేలాడుతోంది.

కిర్‌స్టీన్ తన బల్ల మీద కూర్చుంది. ఆవిడ కుటుంబం ఎప్పటి నుంచో కూర్చునే బల్ల, సరిగ్గా ఓడ కింద.

"ఐవిన్, ఈ చర్చిలో మేం ఓడని పక్క నుంచి ఎప్పుడు చూశాం?" అంది. "పుట్టినప్పటి నుంచీ కింది నుంచే. ప్రసంగం పొడుగైతే ఇంకెక్కడ చూస్తాం? అడుగు చూసి ఏ ఓడో చెప్పగలం. పాత ఓడకి తాళ్ళు చిటికెన వేలంత ఉండేవి, చేసినవాడికి కొలత రాక కాదు, కింది నుంచి కనబడాలని."

"అసలు ఓడలో అంత లావు తాళ్ళు లేవు" అన్నాడు బావ.

"అసలు ఓడ లేదు కదా."

ఆవిడే మళ్ళీ అంది, ఈసారి కొంచెం మెల్లగా. "మునిగినవాళ్ళకి ఆఖర్న కనబడేది ఓడ అడుగే అనేది మా నానమ్మ. వాళ్ళు చూసినట్టు చూడ్డానికే కింద కూర్చుంటాం అనేది. మా తాత ఆ కాఫీ కప్పు ముద్ర చూస్తూ పోయాడని ఆదివారం నేను అనుకోలేను."

పాస్టర్ గొంతు సవరించుకుంది. ఆదివారానికి ఏదో ఒక ఓడ ఉండాలి, బిషప్ వస్తున్నారు, క్లబ్బు వాళ్ళ దగ్గర సిద్ధంగా ఒకటుంది, అడిగితే ఇస్తారు అంది. ఆదివారం ప్రార్థనలో ఒకసారి వేలాడిన ఓడని మళ్ళీ దించరు. పురుగు దించాల్సిందే.

బావ బయటికి వెళ్ళాడు. రేవు గట్టు చివరిదాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. నేను వెనకాలే.

"బోర్లించి రంగు వేద్దాం బావా. నేను పట్టుకుంటా."

"స్తంభాలు నిలబెట్టాక ఏ ఓడని బోర్లిస్తావురా? తాళ్ళన్నీ తెగుతాయి. ఓడ అడుగు పని ముందే అయిపోవాలి. నేను డెక్కు కోసం తొందరపడ్డాను." కాస్త దూరం నడిచి, "బండివాణ్ణి" అన్నాడు. తనని తానే అనుకోవడం అదే మొదటిసారి.

"ఓడ ఓడిందనే అనుకుందామా మరి?" అన్నాను. నా నోరు సందర్భం చూసుకోదు.

అతను నవ్వలేదు. రేవులో నా ఫెర్రీ కోసం ఒక ట్రాక్టరు ఆగి ఉంది. దాని కింద నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. బావ అలవాటు కొద్దీ వంగి దాని కిందికి చూశాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత లేచి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. ఆ మనిషి అలా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

శనివారం పొద్దున చర్చి తలుపు తీసేసరికి బావ నేల మీద ఉన్నాడు. ట్రాక్టర్ల కింద దూరడానికి వాడే చక్రాల పలక మీద వెల్లకిలా పడుకున్నాడు. సీగ్‌రిడ్‌ని చెయ్యి అందేంత కిందికి దించి ఆపారు. ఒక చేతిలో కుంచె, ఒక చేతిలో గరుకు కాగితం. కాళ్ళతో నేలని తన్నుకుంటూ ముక్కు నుంచి తోకదాకా, తోక నుంచి ముక్కుదాకా దొర్లుతున్నాడు. జీవితమంతా బళ్ళ కింద వెల్లకిలా బతికిన మనిషి. మా దీవిలో ఇంతమంది నావికులం ఉన్నాం, చెయ్యి వణక్కుండా మొహానికి పైన పని చేయగలిగినవాడు ఇతనొక్కడే. స్క్రూ కన్నాలు కొయ్య మేకులతో పూడ్చాడు. జిగురు గీకాడు. ఇటుకరంగు పూత మీద పూత వేశాడు. రంగు చుక్కలు పడి నుదురు కూడా ఇటుకరంగు అయింది.

కిర్‌స్టీన్ తన బల్ల మీద కూర్చుని అల్లిక అల్లుకుంటోంది. చూడ్డానికి అల్లిక, చేసేది కాపలా.

"ఎడమ పక్క మచ్చ" అంది.

"చూశాను."

"చూస్తే మరి?"

"ఆరనీ కిర్‌స్టీన్. నీ నోటిలా అది ఎప్పుడూ పచ్చిగా ఉండదు."

ఆవిడ అల్లిక ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది. పెదవి చివర కదిలినట్టుంది.

మధ్యాహ్నం తాళ్ళ దగ్గర పేచీ వచ్చింది. ఆవిడ సంచిలోంచి వల అల్లే నల్లదారం ఉండ తీసి బల్ల మీద పెట్టింది. బావ తల అడ్డంగా ఊపాడు. కొలత తప్పదన్నాడు. ఆవిడ ఒత్తిడి చేయలేదు. "ఓడని పైకి పంపి, అక్కడే పడుకుని చూడు" అంది.

ఓడ పైకి వెళ్ళింది. బావ పలక మీద పడుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఎక్కడికీ దొర్లలేదు.

"అడుగు బాగుంది" అన్నాడు.

"బాగుంది" అంది కిర్‌స్టీన్.

"తాళ్ళు నాక్కూడా కనబడడం లేదు. పేనింది నేనే, నాకే కనబడకపోతే." లేచి కూర్చున్నాడు. "ఇలా ఇయ్యి ఆ దారం."

స్తంభాలని ఓడ అంచులకి పట్టి ఉంచే పెద్ద తాళ్ళ వరకు నల్లదారంతో కట్టాడు. మిగతావి ముట్టుకోలేదు. పిల్లినీ ముట్టుకోలేదు. "ఎవరికీ కనబడదు కదా, ఎందుకు?" అన్నాను. "పిల్లికి తెలుస్తుంది" అన్నాడు.

ఆదివారం సీగ్‌రిడ్ అసలు ఎత్తుకి వెళ్ళింది. కీర్తన పాడుతూ జనమంతా తలలెత్తారు. బిషప్ తన మొహం చూస్తున్నారనుకుని చిరునవ్వు నవ్వాడు, కానీ అందరూ చూసింది ఆయన నెత్తికి చాలా పైన. ఎర్రటి అడుగు, దాని చుట్టూ నల్లటి తాళ్ళు విచ్చుకుని, నీళ్ళలోంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. ఓడ గాలికి కొంచెం తిరిగి, మళ్ళీ బలిపీఠం వైపుకే వచ్చింది. మా అక్క చేతిరుమాలు తీసింది. కిర్‌స్టీన్ తన పక్కన, అక్కడ ఎవరో కూర్చుని ఉన్నట్టు, ఖాళీ చోటు మీద చెయ్యి ఆనించింది. బావ ఆఖరి వరసలో నిలబడే ఉన్నాడు. మొదటి చరణం అయ్యాక కూర్చున్నాడు. రెండో చరణంలోనూ కూర్చునే ఉన్నాడు.

తర్వాత కాఫీ, యాలకుల బన్నులు. కిర్‌స్టీన్ కప్పు పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. చుట్టూ జనం మూగారు.

"బిషప్ అడిగాడు, ఎవరు చేశారని" అంది. "మా బండివాడు చేశాడని చెప్పాను."

పేరు రాలలేదు. ముందొక "మా" వచ్చి అతుక్కుంది. బావ ఆ "మా"ని రెండు చేతులతో కాఫీ కప్పులా పట్టుకుని నిలబడ్డాడు.

"అదంతా సరే గానీ ఐవిన్, నేను వారం మొదట్లోనే కబురు చేశాను కదా. శుక్రవారందాకా ఎందుకు ఆగావు?"

"ఆగడమేమిటి? అందర్నీ అడిగాను కదా."

"అడగడమేమిటి?"

"అడిగి చూసుకోమన్నావట కదా."

"అడుగు చూసుకోమన్నాను. ఓడ అడుగు. దాని కింద చూసుకోమన్నాను."

రొట్టెల దుకాణం వాడు, వాడి భార్య, పాస్టర్, జెండా గురించి కొట్టుకున్నవాళ్ళు, అందరూ మెల్లగా నా వైపు తిరిగారు. అప్పుడు నేను కుర్చీ లాక్కుని, ఇంజను మోత నుంచి లారీ హారన్ దాకా మొత్తం జరిగింది జరిగినట్టు అందరికీ విడమర్చి చెప్పాను. తప్పు గాలిదని కూడా చెప్పాను.

"గాలిది కాదు" అంది మా అక్క బన్ను తుంచుతూ. "ఇంకోసారి వీడితో కబురు పంపాలంటే ముందు వీడి నోటికి లంగరు వెయ్యండి."