చుక్కికి నాడాలు వద్దు

గంగన్న చుక్కి ముందుకాలిని తన మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గిట్టలో పట్టిన మట్టి గీకుతున్నాడు. అరవై దాటిన మనిషి. గుర్రాల కాళ్ళు పట్టుకుని పట్టుకుని నడుము కాస్త వంగే ఉండిపోయింది. తొడలకు కట్టుకున్న తోలు నిండా గాట్లు. తండ్రి శివాజీనగర్‌లో జట్కా గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. జట్కాలు పోయాయి, పని మాత్రం కొడుక్కి మిగిలింది. నగరం చివర కాడుగోడి దాటాక ఉన్న ఈ గుర్రపుస్వారీ బడిలో తొమ్మిది గుర్రాలకూ నాడాలు కొట్టేది ఆయనే.

చుక్కి గోధుమరంగు ఆడగుర్రం. నుదుట తెల్లమచ్చ. కొత్తగా చేరిన పిల్లల్ని మొదట ఎక్కించేది దాని మీదే. ఈ నెలలో రెండుసార్లు నాడా ఊడింది. నిన్నటి నుంచి కుంటుతోంది.

"రేపు సండే క్లాసుంది గంగన్నా. కొత్త నాడాలు వేసేస్తే సరిపోతుందిగా?" అంది శైలజ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ బడి పెట్టింది ఆవిడే.

గంగన్న గిట్ట అంచును బొటనవేలితో నొక్కాడు. పెళుసుగా పొర రాలింది. పాత మేకుల తూట్లు ఒకదానితో ఒకటి కలిసి చీలికలయ్యాయి. ప్రతి తూటూ తన సుత్తి పెట్టిందే. కొత్త మేకు దిగాలంటే ఇంకా పైకి, నొప్పి తెలిసే చోటికి పోవాలి. కొట్టగలడు. ఆదివారం గడిచిపోతుంది కూడా.

"వద్దు మేడమ్. ఇంగ మేకు కొడితే గిట్ట నిలబడదు. వట్టికాళ్ళతో ఇడిసేద్దాం."

"నాడాలు కొట్టే మీరే వద్దంటారా?"

"దాని కాలు నా చేతిలో ఉండాది గదమ్మా, అబద్ధం ఎట్ల చెప్పేది?" గంగన్న నవ్వాడు. "అన్నిటికీ కాదు. తారు రోడ్డు మింద పోయే గుర్రానికి నాడా కావాల్సిందే. దీనికి మాత్రం కొత్త గిట్ట పెరిగేదాకా మెత్తటి నేల కావాల."

"ఇక్కడ దారంతా కంకరే కదా!"

"అత్తిబెలె కాడ మా వెంకటేశప్పది పచ్చగడ్డి తోట ఉండాది. ఏడాది ఆడ ఉండనీ. నెలకోతూరి నేనే పోయి గిట్టలు చెక్కొస్తా."

"పిల్లలు ఏడుస్తారు గంగన్నా."

"ఏడ్సనీలేమ్మా. తిరిగొచ్చినప్పుడు నగుతారు."

శైలజ చాలాసేపు చుక్కి మెడ నిమిరింది. తర్వాత ఫోన్ తీసి బండి మాట్లాడింది.

గంగన్న పట్టకారుతో నాడాలు ఒక్కొక్కటే పీకి, గిట్టల అంచులు చెక్కి, ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. రాలిన గిట్ట ముక్కల్లో ఒకదాన్ని బడి కుక్క నోట కరచుకుని పరుగు తీసింది. బండి వచ్చేలోగా చుక్కిని బడి మైదానంలో ఓ మూలనున్న ఇసుకలోకి వదిలారు. నాలుగడుగులు తడుముకుంటూ వేసింది. ఆగింది. ఉన్నట్టుండి ఇసుకలో పడి, నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి పొర్లింది.

"ఇన్నేళ్ళలో దీన్ని ఇలా చూడలేదు!" శైలజ పగలబడి నవ్వింది.

గంగన్న కూడా నవ్వాడు. కళ్ళలో ఇసుక పడిందని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

మూడింటికి బండి వచ్చింది. చుక్కి పేచీ పెట్టకుండా వాలుగా వేసిన పలక మీదుగా ఎక్కింది. దాని పక్కనే గంగన్న నిలబడి, ఒక చేయి దాని వీపు మీద వేశాడు. బండి మెల్లగా గేటు దాటింది.

శైలజ ఖాళీ కొట్టంలోకి వచ్చింది. తొట్టి అడుగున సగం కొరికిన క్యారెట్, పళ్ళ గుర్తులతో, ఇంకా తడిగా ఉంది.