తప్పు చెప్పుకునే గది

వరసగా నాలుగు క్లాసులు చెప్పి కెమిస్ట్రీ మేడమ్ ల్యాబు పక్క గదిలోకి వచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. వారం నుంచి లెక్కల సారు క్లాసు పిల్లల్ని కూడా ఆమే చూసుకుంటోంది.

వారానికోసారి భోజనాల వేళ లెక్చరర్లు ఆ గదిలో కూర్చునేవారు. తమ పాఠం ఎక్కడ కుంటుపడిందో ఎవరికి వారే చెప్పుకునేవారు. మిగతావాళ్ళు కాసేపు పిల్లలై ప్రశ్నలు వేసేవారు. ఒకసారి లెక్కల సారు పాఠానికి ఫిజిక్స్ సారు నిజంగానే తల గోక్కుంటే, "నీకే ఎక్కకపోతే ఇక పిల్లల్నేమనాలి బావా" అని లెక్కల సారు నవ్వాడు. మర్నాడు అదే పాఠం ఇంకోలా చెప్పాడు. వెనక బెంచీల వాళ్ళూ చేతులెత్తారు.

అయినా ఆయన్ని తీసేశారు. "సగం క్లాసుకి అర్థం కాలేదని మీరే ఒప్పుకున్నారట కదా" అన్నాడట కరస్పాండెంట్. కాలేజీ ఆయనదే.

"ఇక్కడి మాట ఆయనకి ఎవరు చేరేశారో తెలిసిందా మేడమ్?" అని అడిగింది కెమిస్ట్రీ మేడమ్.

అందరిలోకీ సీనియరైన పెద్ద మేడమ్ అన్నం డబ్బా మూసేసింది. "నేనేనమ్మా. చాడీ చెప్పలేదు, పొగిడాను. తన తప్పు తానే చెప్పుకునే మాస్టారు ఎక్కడ దొరుకుతాడు సార్ అన్నాను. ఆయన తలాడించి టీ తెప్పించాడు."

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మీరు పక్క గొర్రెని కూడా చూపించొచ్చారు," అన్నాడు ఫిజిక్స్ సారు. ఎవరూ నవ్వలేదు.

కెమిస్ట్రీ మేడమ్ ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. ఈ నెలాఖరుకి గడువు తీరిపోతుంది. భర్త మిషన్లో చెయ్యి నలిగి ఇంట్లోనే ఉన్నాడు. ఆమె జీతంతోనే పొయ్యి వెలుగుతోంది. ఇవాళ క్లాసులో పిల్లలు పాఠమంతా రాసుకున్నారే గాని ఒక్క ముఖమూ వెలగలేదు. ఎక్కడ తప్పిందో వీళ్ళనడగాలనే ఆమె వచ్చింది.

తలుపు తెరుచుకుంది. కరస్పాండెంట్ తన కుర్చీ తానే మోసుకుని లోపలికొచ్చాడు.

"లేవకండి, లేవకండి. నేనూ మీలో ఒకణ్ణే. మంచి పని చేస్తున్నారని విన్నాను. ఇవాళ ఎవరి వంతు?"

"ఇవాళేం లేదు సార్," అంది పెద్ద మేడమ్.

"ఏం లేకుండానే ఇంతమంది కూర్చున్నారా?" ఆయన కెమిస్ట్రీ మేడమ్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీ క్లాసులో ఎక్కడ తేడా వస్తోంది? మనలో మనకి దాపరికం దేనికి?"

ఆయన గొంతులో కరుకుదనమే లేదు. అంతా బాగుంది సార్ అనే మాట ఆమె పెదవుల దాకా వచ్చింది. ఆ మాట అంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది. రేపటి నుంచి ఈ గదిలో అందరూ బాగుందనే అంటారు. అక్కడ పిల్లలు అర్థం కాకుండానే రాసుకుంటూ పోతారు.

"తేడా ఉంది సార్," అందామె. బొంగురు గొంతు వినడానికి అందరూ ముందుకు వంగారు. "అది వీళ్ళకి చెప్తాను. మీకు చెప్పను."

"ఎందుకనో?" ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"లెక్కల సారు చెప్పారు కదా సార్."

మధ్యాహ్నం గంట కొట్టారు. వరండాలో పిల్లల చెప్పుల చప్పుడు మొదలైంది. క్లాసులున్నవాళ్ళు కూడా ఆమెను వదిలి లేవలేదు. కరస్పాండెంట్ కుర్చీలో వెనక్కి వాలి, తొందరేమీ లేకుండా, ఒక్కొక్కరి ముఖమూ చూసుకుంటూ వచ్చాడు.