దొరకని మెయిన్ క్లాసు

కడుపుమంటకు మందు లేదంటారు కానీ, దాన్ని చదువుకు వాడుకున్న మహానుభావుడు ఒకడున్నాడు. ఇంట్లోనే కంప్యూటర్ ఆటల సర్వర్ ఒకటి నడుపుతూ, చుట్టాల పిల్లల చేత 'సర్వర్ బాబాయి' అనిపించుకుంటున్నవాడు. పెళ్ళయిన కొత్తలో భార్యాభర్తలు కలిసి పెట్టుకున్న సర్వర్ అది. ఆటకు కొత్త హంగులు చేర్చే ప్లగిన్లన్నీ ఇద్దరూ ఒకే బల్ల ముందు, భుజాలు తగిలేలా కూర్చుని రాసేవారు.

ఇప్పుడు ఆవిడ ఒక్కతే కొత్త ప్లగిన్ మొదలుపెట్టింది. ఆటలో ఒకరు కట్టిన ఇల్లు ఇంకొకరు కూలగొడితే, దాన్ని మళ్ళీ నిలబెట్టే ప్లగిన్. అదీ ఫంక్షనల్ అనే రకం ప్రోగ్రామింగ్ భాషలో. ఆ భాషలో ఒకసారి పెట్టిన విలువ మారదు. మార్పు కావాలంటే పాతదాన్ని అలాగే ఉంచి కొత్తది పుట్టిస్తారు. అంతవరకూ బాగానే ఉంది. నేర్పుతున్నది మాత్రం ఆవిడ మేనబావ. చిన్నప్పుడు పెద్దవాళ్ళు "ఇదిగోరా నీ పెళ్ళాం" అని ఆటపట్టించిన బావ! అతను ఫోన్ చేసినప్పుడల్లా "అన్నయ్యా, బాగున్నారా?" అని పలకరిస్తాడు. వరస ప్రకారం అంతే కావచ్చు గానీ, ఆ పిలుపు వింటే బాబాయికి ఒళ్ళు మండిపోయేది.

అందుకే ఎవరికీ చెప్పకుండా, ఆఫీసు క్యాంటీన్లో ఓ మూల కూర్చుని తనూ అదే భాష నేర్చుకున్నాడు. ఏదో ఒకనాడు ఆ బావ నీళ్ళు నమలాలి. అప్పుడు తను నోరు విప్పాలి. అదీ పథకం.

ఓ ఆదివారం ఆ ముహూర్తం రానే వచ్చింది. పొద్దున్నే ఆవిడ ప్రాజెక్టు ఫోల్డర్లన్నీ సర్ది, ప్లగిన్‌ను సర్వర్లో పెట్టింది. 'మెయిన్ క్లాసు దొరకలేదు' అంది సర్వర్, అంటే ప్లగిన్ మొదలయ్యే తలుపే దానికి కనబడలేదన్నమాట. ఫోన్ స్పీకర్లో బావ ఏవేవో మార్పించాడు. మళ్ళీ అదే మాట. పక్కనే బట్టలు మడతపెడుతున్న బాబాయికి చూడగానే తెలిసిపోయింది. ఆ భాష కోడ్‌ను నడిపేటప్పుడు కంపైల్ చేసుకుంటుంది, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చుకుంటుంది. సర్వరేమో క్లాసు ముందే తయారుగా ఉండాలంటుంది. ముందే కంపైల్ చెయ్యమని ప్లగిన్ తయారీ సూచనలుండే బిల్డ్ ఫైల్లో ఒక్క లైను రాస్తే చాలు.

చెప్పలేదు. ఇంకాసేపు నమలనీ నీళ్ళు, అనుకున్నాడు. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాడు. మధ్యాహ్నం దాటేసరికి ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. భోజనం మాటే ఎత్తలేదు. బాబాయి బట్టల దొంతర ఎత్తుకుని, లోలోపల ఈలవేసుకుంటూ గదిలోంచి బయటికి నడిచాడు.

"అన్నయ్యని ఒకసారి అడక్కూడదూ? సర్వర్ సంగతులు ఆయనకి తెలిసినట్టు మనకి తెలీవు," అన్నాడు స్పీకర్లో బావ.

బాబాయి తలుపు అవతలే ఆగిపోయాడు.

"వద్దు బావా," అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ఈ భాష ఆయనకి రాదు. అడిగితే తెలీదని చెప్పాల్సొస్తుంది, అదీ నీ ముందు. చిన్నబుచ్చుకుంటారు. నా తిప్పలేవో నేను పడతాలే."

బాబాయి పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. దొంతర అలాగే పట్టుకుని లోపలికి వచ్చాడు. అతన్ని చూసి ఆవిడ గబుక్కున మైకు ఆపేసింది.

"ముందే కంపైల్ చెయ్యమని చెప్పాలి. బిల్డ్ ఫైల్లో," అన్నాడు.

ఆవిడ ఆ లైను రాసి సర్వర్ మళ్ళీ నడిపింది. ప్లగిన్ లేచి కూర్చుంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. బాబాయి వైపు తిరిగి అడిగింది: "మీకెలా తెలుసు?"

"నేర్చుకున్నా."

"మరి ఇది ఎప్పుడు తట్టింది?"

'ఇప్పుడే' అనొచ్చు. నోరు రాలేదు. "పొద్దున్నే," అన్నాడు.

ఆవిడ తెరవైపు తిరిగింది. మైకు తెరిచింది.

"దొరికింది బావా. మీ అన్నయ్యే చెప్పారు. అడగ్గానే చెప్పేశారు."

"నేనన్లా! అన్నయ్యా, మీరు సామాన్యులు కారండీ!" అని కేకేశాడు బావ.

ఇన్నాళ్ళూ బాబాయి కోరుకున్న మెప్పు అదే. ఆవిడ మాత్రం అతని వైపు చూడకుండా, చల్లారిన భోజనం వేడిచెయ్యడానికి లేచి వెళ్ళింది.