రెండు గంటల ఛార్జింగ్

ఎదురుగా తిరుపతి అనేవాడు బ్యాటరీ షాపు తెరిచిన నాటి నుంచి పరశురాములుకు తిన్నది ఒంటబట్టడం లేదు. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద పద్నాలుగేళ్లుగా బ్యాటరీలకు ఛార్జింగ్ పెడుతున్నవాడు తను. నిన్నగాక మొన్న తండా నుంచి వచ్చినవాడి ముందు ఆటోలూ ట్రాక్టర్లూ బారులు తీరితే కడుపు మండదా మరి? మండింది. షట్టర్ ఎత్తుతూ అటే చూపు, టీ తాగుతూ అటే చూపు.

పోనీ, పరాయివాళ్లు పోతే పోయారు. సొంత అక్క సత్తెమ్మ మొగుడు, చిలుకూరు బీరన్న కూడా అటే తిరిగాడు! 2008 ఎండాకాలంలో ఒకరోజు పదింటికి బీరన్న ఆ షాపు ముందు ట్రాక్టర్ బ్యాటరీ దింపడం పరశురాములు కళ్లారా చూశాడు. ఇంటికి పోయి తిని పన్నెండింటికి వచ్చేసరికి బావా లేడు, ట్రాక్టరూ లేదు. అంటే ఏమిటి? రెండు గంటల్లో నింపి ఇచ్చాడన్నమాట! తనకు పది గంటలు పట్టే పని! ఎలా చేశాడో అడగొచ్చు కదా అంటారా? అడిగితే చిన్నతనం కాదూ!

నిజానికి ఛార్జింగ్ సంగతి పరశురాములుకు తెలిసినట్టు కోదాడలో ఎవరికీ తెలియదు. వచ్చిన ప్రతివాడికీ విసుగు పుట్టేదాకా చెప్పేవాడు. "ఎనభై ఎనిమిది ఆంపియర్ల బ్యాటరీకి ఎనిమిదో తొమ్మిదో ఆంపియర్ల కరెంటు పెట్టి పది గంటలు ఎక్కియ్యాలె. ఆకలిగొన్నోనికి ముద్ద మీద ముద్ద కుక్కితే కక్కుతడా లేదా? ఇదీ గంతే. దిగేటప్పుడు గూడ అట్లనే. మెల్లగ వాడితే పొద్దంత వస్తది, ఒక్కసారే గుంజితే జల్ది ఖతం."

వారం తిరగకుండానే తిరుపతి అత్తగారింటికి మిర్యాలగూడ పోయాడు. మర్నాడు షాపు ఇంకా మూసే ఉంది. ఆ పొద్దునే బీరన్న ట్రాక్టర్‌ను నలుగురితో తోయించి స్టార్ట్ చేసుకుని వచ్చి పరశురాములు ముందు ఆపాడు.

"రాత్రంత లైటు బంద్ చెయ్యలే, బామ్మర్ది. మొత్తం దిగిపోయింది. తొందరేం లేదు, పెట్టు. రేపు తీస్కపోత."

తొందర లేదట! వాడి దగ్గరైతే రెండు గంటలు, నా దగ్గరైతే రేపా?

"రేపెందుకు బావా? బజార్ల పని సూస్కొని రా, రెండు గంటలల్ల ఇస్త," అన్నాడు పరశురాములు.

ఛార్జర్ నాబ్ తొమ్మిది దగ్గర ఆగలేదు. ఇరవై దాటింది, ముప్పై దాటింది, నలభై దగ్గర ఆగింది. తప్పని చేతికి తెలుసు, కానీ ఆ చేయి ఆగితేనా! గంటలో వోల్ట్‌మీటర్ ముల్లు నిండినట్టు చూపించింది. హైడ్రోమీటర్ పెట్టి చూస్తే, ఛార్జింగ్ ఎక్కితే పెరగాల్సిన లోపలి నీళ్ల గ్రావిటీ ఎక్కడిదక్కడే ఉంది. పైకి నిండింది, లోపల ఖాళీ. ఇంకాసేపు ఉంచాడు. మూతల్లోంచి నీళ్లు కుతకుత ఉడికాయి, కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది, డబ్బా పక్కలు ఉబ్బాయి. చేయి పెడితే కాలింది.

బీరన్న వచ్చాక బ్యాటరీ బిగించి తాళం తిప్పితే టక్కుమంది, అంతే. మళ్లీ తిప్పితే అదీ లేదు.

"ఏందిర గిది? నేనేమన్న తొందర పెట్టిన్నా?"

"ఆడైతే రెండు గంటలల్ల తీస్కపోతవ్ గద!"

"ఓరి నీ! ఆయన నింపి ఇచ్చిండని ఎవలన్నరు? ఇంకో నిండు బ్యాటరీ బిగిచ్చి పంపుతడు. మనది ఆడ్నే పది గంటలు నిమ్మలంగ ఎక్కిస్తడు. మర్నాడు పొయ్యి మార్సుకునుడే. గట్ల నిమ్మలంగ ఎక్కిచ్చుడు ఎవలు నేర్పిండ్రంటే, పరశురాములన్న చెప్తుంటే ఇన్న అంటడు."

పరశురాములుకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ బస్సు దిగిన తిరుపతి, బ్యాగు భుజాన ఉండగానే ఇటు వచ్చాడు. ఉబ్బిన డబ్బాను చూశాడు, ఛార్జర్ నాబ్ చూశాడు, పరశురాములు ముఖం చూశాడు. అంతా అర్థమైంది వాడికి.

"పాత బ్యాటరీ గదా బీరన్నా," అన్నాడు. "లోపల సెల్ ఎన్నడో పోయుంటది. ఎవలు పెట్టినా గిట్లనే అయితుండె. పరశురాములన్న తప్పేం లేదు."

బీరన్న తల ఊపాడు. నమ్మాడు. పరశురాములు నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది. బావ మళ్లీ ఇటే రావడం మొదలుపెట్టేవాడేమో కూడా. కానీ ఆ మాట విన్నాక పరశురాములుకు అంతకుముందెన్నడూ లేనంత కుళ్లు పుట్టింది. గిరాకీ వాడికే, బావ వాడికే. ఈ మంచితనం కూడా వాడికేనా?

"అబద్ధం బావా. బ్యాటరీ మంచిగనే ఉండె. నలభై ఆంపియర్లు పెట్టి నేనే సంపిన. తెలిసే పెట్టిన."

బీరన్న నోరు తెరిచాడు. "తెలిసి ఎందుకు పెట్టినవ్‌రా?"

"నువ్వు ఆడికి పోతున్నవని బావా," అన్నాడు పరశురాములు, తిరుపతికి వినబడేటట్టే.