తలుపులమ్మ వేసిన ముడి

"ఒంట్లో గానీ ఒంటి మీద గానీ లోహం ఏమైనా ఉందాండి?" అని అడిగింది ఆశాజ్యోతి.

"లేదు," అన్నాడు పల్లంరాజు.

"గుండె ఉందమ్మా," అన్నాడు మూల కుర్చీలోంచి గంగాధర్. "ఓసారి చూడండి. అది ఇనుమే."

పల్లంరాజు అటు తిరగలేదు. "నోరు ముయ్యమని ఆ మనిషికి చెప్పమ్మా."

ఆశాజ్యోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. స్కానింగు తీసే ఆ పిల్లది నిడదవోలు. ఇలాంటి ముసలాళ్ళు ఆమెకు కొత్త కాదు. "మీరిద్దరూ ఏమవుతారండి?"

"ఆ మనిషి మా అక్క మొగుడమ్మా," అన్నాడు గంగాధర్.

ఆ అక్క తలుపులమ్మ పోయినప్పటి నుంచి వాళ్ళ మాటలు ఇంతే. ఎదురెదురుగా నిలబడ్డా మధ్యలో ఇంకొకరు ఉండాలి. ఎవరూ దొరక్కపోతే కుక్కతోనైనా చెప్పుకొనేవారు. ఉప్పాడలో ఇద్దరిదీ ఒకే వీధి. ఈ పొద్దున రాజమండ్రి బస్సులో కూడా చెరో చివర కూర్చుని, చెరో టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు.

రాజమండ్రిలో మతిమరుపు జబ్బు మీద ఏదో పరిశోధన జరుగుతోంది. జబ్బు మెదడుతో పోల్చి చూడటానికి బాగున్న పెద్దవాళ్ళ మెదళ్ళు కావాలట. తలుపులమ్మకు వచ్చింది ఆ జబ్బే. ఆఖరి ఏడు ఆమె పల్లంరాజును చూసి, "ఎవరయ్యా నువ్వు, చేపలకొచ్చావా?" అని అడిగేది. ఆ జబ్బంటే అతనికి పగ. దాని అంతు చూస్తామన్నవాళ్ళకు తన తలకాయ ఇవ్వడానికి ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. తోడుగా మనిషి రావాలన్నారు. కూతురు వీరదుర్గకు అంగన్‌వాడీ వదిలి రావడం కుదరక మేనమామను పంపింది. పల్లంరాజు కూతురిని కూడా తిట్టాడు.

"ఇరుకు చోటంటే భయం ఉందాండి? మిషను లోపల సొరంగంలా ఉంటుంది."

"బోటు అడుగున పడుకునేవాణ్ణి."

"కదలకూడదండి."

"ఆ మనిషి కదలడమ్మా," అన్నాడు గంగాధర్. "చచ్చినా కదలడు. మేమంతా చూశాం."

బట్టలు మార్చుకుని, ఆసుపత్రి గౌను తొడుక్కుని పల్లంరాజు వచ్చాడు. గౌను మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. గంగాధర్ గోడ వైపు తిరిగి దగ్గు నటించాడు. ఆశాజ్యోతి మెటల్ డిటెక్టర్‌ను అతని తల నుంచి కిందికి దించింది. నడుం దగ్గర అది కుయ్యిమంది.

"ఏముందండి అక్కడ?"

"ఏమీ లేదు. మొలతాడు."

"దానికేమైనా ఉందా?"

"వెండి తాయెత్తు."

"లోహం లేదన్నారు కదండీ!"

"ఒంట్లో, ఒంటి మీద అని అడిగావు. మొలతాడు ఒళ్ళే కదమ్మా."

అతను అబద్ధం ఆడలేదు. పుట్టిన నాటి నుంచి ఏదో ఒక మొలతాడు నడుముకు ఉంటూనే ఉంది. దాన్ని పెట్టుకున్న వస్తువుగా లెక్కపెట్టాలని అతనికి తోచలేదు.

"తీసేయాలండి. లేకపోతే లోపలికి పంపను." ఆశాజ్యోతి ట్రేలోంచి కత్తెర తీసింది. "తెంచేద్దాం. ఇంటికెళ్ళాక కొత్తది కట్టుకోండి."

"కత్తెర అక్కడ పెట్టు."

"తాతగారూ..."

"పెట్టకపోతే బస్సెక్కుతాను."

ఆశాజ్యోతి అర్థం కాక గంగాధర్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. పెళ్ళాం పోయినవాడికి మొలతాడు తెంచడం వాళ్ళలో ఆచారం. పెద్దకర్మ రోజు ఒడ్డున నలుగురి ముందూ కత్తి పట్టుకుని వచ్చినవాడు గంగాధర్. పల్లంరాజు అతన్ని కెరటంలోకి తోశాడు. పంచె ఊడి, కత్తి పోయి, గంగాధర్ నీళ్ళు మింగాడు. ఊరు నవ్వింది. మాటలు పోయాయి.

పల్లంరాజు గోళ్ళతో ముడిని గీకాడు. తలుపులమ్మ చివరిగా వేసిన ముడి అది. ఆ రోజు కూడా అతను ఎవరో ఆమెకు తెలియదు. మంచం మీద కూర్చున్న అతని నడుం చుట్టూ కొత్త తాడు తిప్పింది. వేళ్ళు వాటంతట అవే పని చేశాయి. "కదలకయ్యా," అని కసిరింది కూడా. ఉప్పూ చెమటా తాగి ముడి రాయిలా అయింది. అది రాలేదు. చూపు ఆనలేదు. తెంచితే ముడి పోతుంది. తెంచకపోతే ఆ జబ్బు అంతు చూసేవాళ్ళకు ఈ తలకాయ దక్కదు.

అతను కత్తెర వైపు ఒకసారి చూసి, ముడి మీంచి చేతులు తీసేశాడు.

"ఆ మనిషిని ఇలా రమ్మనమ్మా," అన్నాడు చివరికి.

గంగాధర్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముడిని వేలితో తడిమాడు. ముఖం మారింది.

"ఇది మా అమ్మ ముడి," అన్నాడు. "వల చిరిగితే మా ఇంట్లో ఇదే వేసేవాళ్ళం. అక్కకీ నాకూ ఒక్కసారే నేర్పింది."

"వస్తుందా?"

"నీళ్ళు కావాలి."

ఆశాజ్యోతి గ్లాసు తెచ్చింది. గంగాధర్ ముడిని తడిపాడు, నలిపాడు, తాడును వెనక్కి నెట్టాడు. ఆఖరికి పళ్ళు పెట్టాడు.

"కొరికావంటే తంతాను," అన్నాడు పల్లంరాజు.

"గౌను పైకి పట్టుకో బావా, నోట్లోకి వస్తోంది."

ఆశాజ్యోతి గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

ముడి విడింది. తాడులో ఒక్క పోగు తెగలేదు.

"ఆ రోజు కత్తి తెచ్చావు," అన్నాడు పల్లంరాజు, సూటిగా అతని ముఖంలోకి చూసి.

"ఆ రోజు ముడి చూడనిచ్చావా? సముద్రంలో తోశావు."

ఆ తరువాత గానీ మధ్యలో మనిషి లేడని ఇద్దరికీ తట్టలేదు.

మిషను లోపల పల్లంరాజు కదలకుండా పడుకున్నాడు. చెవుల్లో దూది పెట్టినా అది ఇసుకలో కూరుకుపోయిన బోటు ఇంజనులా మొత్తుకుంది. మొలతాడు లేని నడుం అతనికి కొత్తగా, సిగ్గుగా ఉంది. బయట అది గంగాధర్ గుప్పిట్లో ఉంది. ఎక్కడైనా పారేస్తాడేమో అనుకున్నాడు. పారేయడులే అనుకున్నాడు. రెండో మాటకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఎంత బాగా పడుకున్నారండీ!" అంది ఆశాజ్యోతి అతన్ని బయటికి లాగి. "బొమ్మలు చక్కగా వచ్చాయి. ఏడాదికి మళ్ళీ రావాలండి."

గంగాధర్ అప్పటికే తాయెత్తును తుడిచి, తాడుకు ఎక్కించి సిద్ధంగా ఉన్నాడు. బావ నడుం చుట్టూ తిప్పి వేళ్ళు ఆడించాడు. పల్లంరాజు వంగి చూశాడు. అదే ముడి.

"బిగించు."

"ఊపిరి లోపలికి పీల్చు. పొట్ట పెంచావు. కదలకయ్యా!"

పల్లంరాజు ఆ మాటకు ఒక్క క్షణం బిగుసుకుపోయాడు. తరువాత పీల్చాడు.

కాంప్లెక్సులో బస్సు ఎక్కేటప్పుడు రెండు టిక్కెట్లూ అతనే తీశాడు. క్షమించాడని కాదు. కత్తి సంగతి కత్తిదే. పక్క సీటు మీద కండువా వేసి ఉంచాడు.

"ఏడాదికోసారి నీ మొల దగ్గర మోకాళ్ళేసుకోవాలా నేను?" అన్నాడు గంగాధర్ కండువా తీసి కూర్చుంటూ.

"వేసుకో," అన్నాడు పల్లంరాజు. "పళ్ళున్నంత కాలం."