తప్పొప్పుల పట్టిక

ర్యాంకుల మాస్టారి మీద అసహ్యం పుట్టకపోయి ఉంటే నేను లా ప్రవేశ పరీక్ష రాసేదాన్నే కాదు. అప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు. పద్నాలుగేళ్లుగా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. మందుల కంపెనీల కరపత్రాలు, బడి వాచకాలు, ఎవరో రిటైరైన ఇంజనీరు రాసుకున్న ఆత్మకథ, ఏదైనా సరే నా బల్ల మీది నుంచే మిషన్ గదికి వెళ్లాలి. చివరి ప్రూఫు మీద నేను సంతకం పెట్టనిదే ప్లేట్లు చేయరు. ఆ ప్రెస్సులో నాకున్న అధికారమల్లా అదొక్కటే.

మాస్టారిని అసలు పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. ఆయన కోచింగ్ సెంటరు పోస్టర్ల మీద మధ్యలో ఆయన, చుట్టూ తపాలా బిళ్లల్లా ర్యాంకులు వచ్చిన పిల్లలు. ఆ పోస్టర్లు మా దగ్గరే అచ్చయ్యేవి. పక్క వీధి సెంటరు పోస్టర్లూ మా దగ్గరే అచ్చయ్యేవి. చాలా ఏళ్లు రెండింటి మీదా అవే మొహాలు ఉండేవి.

ఆయన ఏటా ఒక గైడు వేసేవాడు. నిరుటి పుస్తకం అట్ట మీద ఏడాది కొట్టేసి, కొత్త ఏడాది రాసి పంపేవాడు. ఆయన చేసిన రచన అంతే. ఆ ఏడు మాత్రం సిలబసు మారి, న్యాయ తర్కం ప్రశ్నలు పెరిగాయి. అందుకని ఎక్కడెక్కడివో కత్తిరించి, తెల్ల కాగితాల మీద అతికించి, అరవై పేజీలు అదనంగా పంపాడు. కొన్నింటి వెనక జిగురు ఇంకా ఆరలేదు.

ఆ ప్రశ్నల పద్ధతి నాకు భలే నచ్చింది. ముందు ఒక సూత్రం ఇస్తారు. తర్వాత ఒక సంఘటన చెబుతారు. మన జాలీ, కోపం, లోకజ్ఞానం అన్నీ పక్కన పెట్టి, ఆ సూత్రం ఏం చెబుతుందో అదే జవాబుగా రాయాలి. అక్షరాన్ని అక్షరంగా చూడటం నా వృత్తే కదా. రెండు రోజులయ్యేసరికి జవాబుల పట్టిక చూడకుండానే జవాబులు చెప్పుకోవడం మొదలుపెట్టాను. తర్వాత పట్టికతో సరిచూస్తే ముప్పై రెండు తేడా వచ్చాయి. ముందు తప్పు నాదేననుకున్నాను. ఒక్కొక్కటీ మళ్లీ చదివాను. కాదు, పట్టికదే తప్పు.

మాస్టారు ప్రూఫుల కోసం వచ్చిన రోజు ఆ ముప్పై రెండింటినీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఆయన ముందుంచాను. ఓనరు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటమ్మా, పుస్తకానికి రక్తం కారుతోంది" అన్నాడు మాస్టారు.

"జవాబులు తప్పున్నాయండి. ఈ ఎలుగుబంటి ప్రశ్న చూడండి."

సూత్రం ఇది: క్రూరమృగాన్ని పెంచుకునేవాడు, తన తప్పు ఏమీ లేకపోయినా, అది చేసే హానికి బాధ్యుడు. సంఘటన: ఒకాయన ఎలుగుబంటిని గట్టి ఇనుప బోనులో పెట్టి, రెండు తాళాలు వేశాడు. అయినా అది ఎలాగో తప్పించుకుని పక్కింటాయన్ని గాయపరిచింది. ఎలుగుబంటి యజమాని బాధ్యుడా, కాదా? పట్టికలో, కాదు అని ఉంది.

"కరెక్టే కదా. రెండు తాళాలు వేశాడు పాపం. ఇంకేం చేస్తాడు?" అన్నాడు మాస్టారు.

"తన తప్పు లేకపోయినా అని సూత్రంలోనే ఉందండి. మన పాపాలతో పని లేదు."

ఆయన నా వైపు మొదటిసారి చూశాడు. "ఏం చదివావమ్మా?"

"బీఏ అండి."

"నేను ఇరవై మూడేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. నీ పని అక్షరాలు చూడటం. అర్థాలు చూడటం నా పని. ఎవరి పని వాళ్లు చేసుకుంటే బండి నడుస్తుంది." ఓనరు వైపు తిరిగి నవ్వాడు. "మీ దగ్గర కామాలకి కూడా లాయర్లున్నారే."

ఓనరు కూడా నవ్వాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి.

నేను ఆ కాగితాలు తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చాను. కొత్త ప్రూఫు తీయించాను. ఈసారి అక్షరాలు మాత్రమే చూశాను. వొత్తులు, దీర్ఘాలు, విడిపోయిన పదాలు, అన్నీ పొల్లుపోకుండా సరిచేశాను. ముప్పై రెండు తప్పు జవాబులూ ఒక్క అచ్చుతప్పు లేకుండా, అద్దంలా, అచ్చుకు వెళ్లాయి. కింద సంతకం పెట్టాను. అంత తృప్తిగా ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఆ సాయంత్రమే దారిలో ఆగి పరీక్షకు దరఖాస్తు పెట్టాను. ఇలాంటి మనిషి నేర్పగలిగిన పరీక్ష ఎంత గొప్పదో చూద్దామనుకున్నాను.

మా ఇంట్లో అప్పటికే ఒకరు ఆ పరీక్షకు చదువుతున్నారు. మా ఆడపడుచు. ఇరవై రెండేళ్లది. డిగ్రీ అవగానే ర్యాంకుల మాస్టారి సెంటర్లో ఉదయం బ్యాచ్‌లో చేరింది. చురుకైన పిల్ల. కానీ ఎవరైనా గట్టిగా చెబితే చాలు, నిజమనుకునే రకం. మాస్టారు గట్టిగానే చెబుతాడు, మైకు కూడా ఉంది.

పది రోజుల తర్వాత ఆ గైడు మా ఇంటికే వచ్చింది. కొత్త సిరా వాసనతో. మా ఆడపడుచు దానికి బ్రౌన్ కాగితం అట్ట వేసుకుంటోంది.

"ఆ జవాబులన్నీ నమ్మకు. కొన్ని తప్పులున్నాయి" అన్నాను.

"సార్ రాసింది తప్పంటావా వదినా?"

"నేను చూశాను కదా, ప్రూఫుల్లో."

"నువ్వు చూసేది కామాలు" అంది. కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. "సార్ దగ్గర చదివినవాళ్లు జడ్జిలయ్యారు. నువ్వు ఈసారే కదా అప్లికేషన్ పెట్టింది."

మా అత్తయ్య గుమ్మంలోంచి, "పరీక్ష ముందు దాన్ని కంగారు పెట్టకే అమ్మాయ్" అంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. పైకీ కిందికీ వెళ్లే గొడవల్లో వేలు పెట్టడు. "ఇద్దరూ ఒకే గదిలో చదువుకుంటే ఒక ఫ్యానుతో సరిపోతుంది" అన్నాడు, అంతే.

నేను నోరు మూసుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకనుకున్నాను. అప్పట్లో అది ఆత్మగౌరవం అనిపించింది.

మూడు నెలలు ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని చదివాం. నేను ప్రెస్సులో మధ్యాహ్నం విరామంలో పాత ప్రశ్నపత్రాలు చేసేదాన్ని. ఆదివారాలు గ్రంథాలయానికి వెళ్లి, ఎవరూ ముట్టని చట్టాల పుస్తకాలు దుమ్ము దులిపి చదివేదాన్ని. మా ఆడపడుచు గైడులోని ప్రశ్నలు పైకి చదువుతూ బట్టీ పట్టేది. ఎలుగుబంటి ప్రశ్న వారానికోసారైనా వచ్చేది. "రెండు తాళాలు వేశాడు కనుక బాధ్యుడు కాడు" అని కళ్లు మూసుకుని అప్పజెప్పేది. నేను తలెత్తకుండా పెన్సిలు చెక్కుకునేదాన్ని. నిజం చెప్పాలంటే లోపల్లోపల నాకు నవ్వొచ్చేది. ఒక్కో తప్పు జవాబు వినిపిస్తున్నప్పుడల్లా మాస్టారి చెంప మీద ఒకటి పడుతున్నట్టు ఉండేది. ఆ చెంప ఎవరిదో మాత్రం నేను చూసుకోలేదు.

పరీక్ష ఒక చిన్నపిల్లల బడిలో పెట్టారు. బెంచీలు మోకాళ్లకు తగిలేవి. నా గదిలో అందరికన్నా పెద్దదాన్ని నేనే. పర్యవేక్షకురాలు నన్ను చూసి, "తల్లిదండ్రులు బయట ఉండాలండి" అంది. హాల్ టికెట్ చూపించాను.

అరవై ఏడో ప్రశ్న దగ్గర చేయి ఆగింది. ఎలుగుబంటి బదులు చిరుతపులి. తాళాల బదులు కాపలాదారు. మిగతాదంతా అదే. బాధ్యుడు అన్న జవాబు ఎదుట వృత్తం నింపుతూ, బడిపిల్లలా సంబరపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది, రెండు గదుల అవతల మా ఆడపడుచు ఇదే ప్రశ్న చూసి, "అమ్మయ్య, వచ్చిందే వచ్చింది" అనుకుని, ధైర్యంగా తప్పు వృత్తం నింపుతూ ఉంటుందని. ఒక్క క్షణం పెన్ను కదల్లేదు. తర్వాత అరవై ఎనిమిదో ప్రశ్నకు వెళ్లిపోయాను.

ఫలితాల్లో నాకు రెండు వందల పదకొండో ర్యాంకు వచ్చింది. మా ఆడపడుచుకు నాలుగు మార్కులు తక్కువై సీటు తప్పిపోయింది. నన్ను చూసి, "కంగ్రాట్స్ వదినా" అని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మా అత్తయ్య నాతో మాట్లాడాలో, లోపలికి వెళ్లాలో తెలియక కాసేపు మధ్యలో నిలబడిపోయింది.

ఆ ఆదివారం ఉదయం మాస్టారు మా ఇంటికి వచ్చాడు. వెంట ఒక ఫొటోగ్రాఫరు. ప్రెస్సు ఓనరు అడ్రసు ఇచ్చాడట. నన్ను చూసి, సొంత కూతురికి ర్యాంకు వచ్చినట్టు మొహం పెట్టాడు.

"ఈ ఏడాది పోస్టరు మీద మీ ఫొటో మధ్యలో, నా పక్కనే. గృహిణి, ఉద్యోగిని, అయినా ర్యాంకు. జనానికి భలే ఎక్కుతుంది."

"నేను మీ దగ్గర చదవలేదండి."

"భలేవారే. మా గైడు అక్షరం అక్షరం చదివింది మీరు కాక ఇంకెవరు?" హాల్లో ఉన్న అందరి వైపూ తిరిగాడు. "ఈవిడ తెలివి నాకు అప్పుడే తెలుసండి. అచ్చుకు ముందే ముప్పై రెండు జవాబులు తప్పని ఎర్ర సిరాతో గుర్తుపెట్టి చూపించారు. ఆ పట్టుదలే ర్యాంకు తెచ్చింది."

మా ఆడపడుచు గది గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"సార్, నేను మీ ఉదయం బ్యాచ్" అంది.

"అలాగా అమ్మా." గుర్తుపట్టనట్టే ఉన్నాడు.

"ఎలుగుబంటి ప్రశ్న సార్. యజమాని బాధ్యుడేనా?"

మాస్టారు ఆలోచించలేదు. "ఏ ఎలుగుబంటమ్మా? జాగ్రత్త పడితే బాధ్యుడెందుకవుతాడు?" అని, ఫొటోగ్రాఫరుతో, "కిటికీ దగ్గర వెలుతురు బాగుంది" అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి కనీసం కుందేలు గుర్తుంటుంది. ఈయనకు అదీ లేదు. ఇన్నాళ్లూ ఈ మనిషి మీద నేను దాచుకున్న కోపం చూసి నాకే జాలేసింది. ఇంతోటి వాడి కోసమా అనిపించింది.

"ఫొటో ఇస్తానండి. కింద ఒక మాట వేయాలి. ఈ గైడులో ముప్పై రెండు జవాబులు తప్పు అని" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మెల్లగా లేచాడు. మెట్లు దిగుతూ, "పద్ధతి లేని మనుషులు" అని ఫొటోగ్రాఫరుతో అంటుంటే వినిపించింది.

తలుపు వేశాక మా ఆడపడుచు నా ఎదుటికి వచ్చింది.

"ముప్పై రెండూ నీకు తెలుసు."

"నీకు చెప్పాను కదా."

"ఒకసారి చెప్పావు. కొన్ని తప్పులున్నాయని. ఏవో చెప్పలేదు. మూడు నెలలు నీ ఎదురుగా కూర్చుని పైకి చదివాను. రోజూ విన్నావు." ఆమె గొంతు పెరగలేదు. "పేపరు సరిచూసుకున్నాను. గైడు తప్పుల వల్ల పోయినవి ఆరు. నాకు కావలసింది నాలుగు."

"నువ్వు కామాలు అన్నావు" అన్నాను. అంటూనే ఆ మాట ఎంత చవగ్గా ఉందో నాకు వినబడింది.

"అన్నాను. తప్పే. ఆయనకి తెలీదు వదినా, ఆయన మొద్దు. నీకు తెలుసు. తెలిసే సంతకం పెట్టావు. మళ్లీ తెలిసే విన్నావు."

గురువింద గింజలాగా ఇన్నాళ్లూ ఎదుటివాడి నలుపే చూస్తూ వచ్చాను. ఆ పుస్తకం వచ్చింది ఒక్క మా ఇంటికే కాదు. మూడు వేల ప్రతులు వెళ్లాయి.

మర్నాడు ప్రెస్సుకు వెళ్లి ఓనరుతో, ఆ గైడుకు తప్పొప్పుల పట్టిక ఒకటి వేద్దామన్నాను.

"నువ్వు సంతకం పెట్టిన పుస్తకానికి నువ్వే తప్పులు చూపిస్తే ప్రెస్సు పరువేం కావాలి?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆయన అంతకుముందు పరువు గురించి మాట్లాడగా నేను వినలేదు.

నేనే చేత్తో రాశాను. ప్రశ్న నంబరు, గైడులో ఉన్న జవాబు, సరైన జవాబు, పక్కన ఒక వాక్యంలో కారణం. జిరాక్సు తీయించి, సెలవు పెట్టి, మాస్టారి సెంటరు గేటు దగ్గర నిలబడ్డాను. కొత్త బ్యాచ్ పిల్లలు అదే గైడు చంకన పెట్టుకుని వస్తున్నారు.

"ఆంటీ, మీది ఏ సెంటరు? డెమో క్లాసు ఫ్రీయేనా?" అని అడిగాడొకడు. ఒకమ్మాయి ఆ కాగితంతో బండి సీటు తుడుచుకుంది. ఇంకొకతను చూసి, "సార్ కంటే ఈవిడకి ఎక్కువ తెలుసట్రా" అని ఉండలా చుట్టి నా కాళ్ల దగ్గరే పడేశాడు. వంగి తీసుకున్నాను. నన్ను నేను ఆ స్థానంలో ఎప్పుడూ ఊహించుకోలేదు. చులకన ఎదుటివైపు నుంచి ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. నలుగురో అయిదుగురో మాత్రం నడుస్తూ నడుస్తూ ఆగి చదివారు. నాలుగు రోజులు వెళ్లాను. అయిదో రోజు ఓనరు నన్ను ఇక రావద్దన్నాడు. పద్నాలుగేళ్ల ఉద్యోగం ఒక్క ఫోన్ కాల్‌తో అయిపోయింది. కాలేజీ మొదలవడానికి అప్పటికి ఇంకా మూడు వారాలుంది.

మా ఆడపడుచు నెలన్నర నాతో మాట్లాడలేదు. కూర గిన్నె కూడా మా ఆయన చేతి మీదుగానే వచ్చేది. మళ్లీ పరీక్షకు చదవడం మొదలుపెట్టింది, ఏ సెంటరులోనూ చేరకుండా. ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి బల్ల దగ్గర ఒక ప్రశ్న మీద ఇరుక్కుని ఉంది. పెన్ను కొరుకుతోంది. నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

"అది రెండో జవాబు" అన్నాను.

"ఎక్కడుంది? చూపించు."

"నేను చదివాను, ఖాయంగా..."

"నువ్వు చెప్పావని రాయను. చూపించు."

లేచి పుస్తకం తెచ్చాను. పేజీ తీసి వాక్యం మీద వేలు పెట్టాను. ఆమె వేలు తీయించి, ముందు వాక్యం, తర్వాత వాక్యం కూడా చదువుకుని, అప్పుడు రాసుకుంది. థాంక్స్ చెప్పలేదు. మరుసటి రోజూ అంతే. ఆ ఏడాదంతా అంతే. నా మాటల్లో రెండుసార్లు తప్పు పట్టుకుంది కూడా. రెండుసార్లూ ఆ తృప్తి మొహంలో దాచుకోలేదు.

మరుసటి ఏడు ఆమెకు నాకన్నా మంచి ర్యాంకు వచ్చింది. నా కాలేజీలోనే చేరింది, నా వెనక తరగతిలో. మొదటి రోజు క్యాంటీన్‌లో తన కొత్త స్నేహితులకు నన్ను పరిచయం చేసింది.

"మా వదిన. సెకండియర్. చాలా తెలుసు" అని, "అయినా ఏం చెప్పినా ఒకసారి పుస్తకం చూసుకోండి" అంది.

పిల్లలు నవ్వారు. నేను జరిగి, ఆమెకు బెంచీ మీద చోటిచ్చాను.